ఇద్దరు గురువులు, ఒకే నెట్టు

గోదావరి మీంచి గాలి లేచిందంటే మా దగ్గర షటిల్ ఆట సాగదు. కొట్టినచోటికి కాక గాలి తోసినచోటికి పోతుంది ఆ ఈకల గుత్తి. ఈ అడవి అంచు బళ్లలో అందుకే ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడతారు పిల్లలు. షటిల్‌కు నాలుగు గోడలు కావాలి, పైన కప్పు కావాలి. ఆ నాలుగు గోడల మధ్య ఒక దేశానికి ఆట నేర్పిన మీ ఇద్దరికీ ఇక్కడి నుంచే దండం.

ప్రకాశ్ పదుకోణ్ గారూ, బెంగళూరు మల్లేశ్వరంలో మీరు ఆట నేర్చిన కెనరా యూనియన్ హాలు పెళ్లిళ్లు జరిగే హాలు. పెళ్లి ఉంటే ఆట లేదు. పెళ్లివారు సర్దుకుని వెళ్లాక మళ్లీ నెట్టు కట్టుకోవాలి. అక్కడి నుంచి నడిచి 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. 1994లో విమల్ కుమార్‌తో కలిసి అకాడమీ తెరిచారు.

గోపీచంద్ గారూ, నాగండ్లలో పుట్టిన మా తెలుగు బిడ్డా! మీరు ఆ బెంగళూరు గురువు దగ్గరే చెమటోడ్చారు. కోతలు పడ్డ మోకాలితోనే 2001లో అదే ఆల్ ఇంగ్లండ్ తెచ్చారు. ఇల్లు తాకట్టు పెట్టి మరీ గచ్చిబౌలిలో కోర్టులు కట్టారు. ఊరంతా నిద్రపోతుండగా చీకటితోనే దీపాలు వెలిగే కోర్టులవి. గురువు దగ్గర నేర్చినవాడు గురువుకే దీటైన బడి పెట్టడం కంటే గొప్ప గురుదక్షిణ ఏముంటుంది?

ఎవరు గొప్ప అంటే, పతకాల లెక్కలో గచ్చిబౌలిదే పైచేయి అని నేను మొహమాటం లేకుండా చెబుతాను. 2012 లండన్‌లో సైనా కంచు, 2016 రియోలో సింధు వెండి, 2019 బాసెల్‌లో ఆమెదే ప్రపంచ స్వర్ణం. కానీ సైనా 2014లో గచ్చిబౌలి వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్లింది. మరుసటి ఏడే ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో తిరిగి గోపీ గూటికే వచ్చింది, 2018 కామన్వెల్త్ ఫైనల్లో సింధునే ఓడించింది. ఆ బంగారం ఏ బడి ఖాతాలో రాయాలి? నాకైతే రెండు పేర్లూ రాయాలనిపిస్తుంది.

2021 డిసెంబరు, స్పెయిన్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్. నెట్టుకు ఇటు గోపీ తీర్చిన గుంటూరు శ్రీకాంత్, అటు చిన్నప్పుడే పదుకోణ్ బడిలో చేరిన లక్ష్య సేన్. మొదటి గేమ్ లక్ష్యది. తర్వాతి రెండూ శ్రీకాంత్‌వి. అంతటి మ్యాచ్‌ను కళ్లార్పకుండా చూసినవాళ్లు అదృష్టవంతులు.

ఐదు నెలలకే, 2022 మే 15న, బ్యాంకాక్‌లో ఆ ఇద్దరూ ఒకే జెర్సీ తొడిగారు. థామస్ కప్ ఫైనల్, ఎదురుగా ఇండోనేషియా. తొలి గేమ్‌ను 8-21తో పోగొట్టుకుని కూడా లక్ష్య మొదటి పాయింటు తెచ్చాడు. అమలాపురం సాత్విక్, చిరాగ్‌తో కలిసి రెండోది తెచ్చాడు. మూడోదాన్ని శ్రీకాంత్ 23-21తో ముగించగానే జట్టు జట్టంతా కోర్టు మీదికి ఉరికింది. భారత్‌కు అదే తొలి థామస్ కప్. మీ పోటీకి జేజేలు! ఆ రోజు అది దేశానికి రెండు చేతులైంది.

ప్రకాశ్ గారూ, మీరు ఆట నేర్చిన పెళ్లి హాలు లాంటి ఫంక్షన్ హాళ్లు మా వైపు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ లేచాయి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, హాళ్లన్నీ తాళాలతో ఖాళీగా ఉంటాయి. బయట వాన, బడి మైదానమంతా బురద. హాళ్ల యజమానులారా, ఆ నెల రోజులూ తాళం తీయండి. నెట్టు మా పీఈటీ సార్లు తెచ్చుకుంటారు.