గన్నారెడ్డి ముందు, రుద్రమ వెనక

చారిత్రక నవలలు చదవమన్నప్పుడు మన తెలుగు సార్లు మొదట చెప్పే పేర్లలో అడవి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' ఒకటి. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ వేసింది ఈ పాత్రే కాబట్టి పిల్లలందరికీ ఆ పేరు తెలుసు. దొంగగా పేరుపడ్డ వీరుడు, మగపిల్లవాడిలా పెరిగిన రాకుమారి, పెళ్ళికొడుకునే ఎత్తుకుపోవడం! ఇన్ని ఉన్నా నవల పూర్తయ్యేసరికి నాకు నిరాశే మిగిలింది. ఎందుకో చెప్తాను.

ముందు నచ్చినవి చెప్పాలి. బాపిరాజు గారు చిత్రకారులు కూడా. అందుకే నగలు, కోటలు, గుర్రాలు అన్నీ బొమ్మ గీసినట్టు కనిపిస్తాయి. ఇంకో సంతోషం ఏమిటంటే, నాయిక అన్నాంబిక ఆదవోని రాజకుమారి. ఆదవోని అంటే మన బళ్ళారి పక్కనున్న ఆదోనే. తెలుగు నవలల్లో మనవైపు ఊరు కనబడటమే అరుదు కదా! యశ్వంతనగర్‌లో కూర్చుని చదివే మనకు అది చిన్న విషయం కాదు.

నిరాశ రుద్రమదేవి దగ్గర మొదలైంది. గణపతిదేవునికి కొడుకులు లేరు. కూతురినే వారసురాలిగా నిలబెట్టాడు. శాసనాల్లో ఆమెకు రుద్రదేవ మహారాజు అని మగపేరు ఉంది. ఆడది ఏలడం ఇష్టంలేని సామంతులు ఎదురు తిరిగారు. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. అన్నిటికీ తట్టుకుని ఆమె పాతికేళ్ళకు పైగా ఏలింది. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం 1289లో ఆమె మరణాన్ని చెబుతోంది.

ఇంత పెద్ద కథ చేతిలో ఉండగా నవల ఏం చేసింది? రాజ్యపాలన అసలు లేదని కాదు. కానీ కథ ఊపందుకున్నప్పుడల్లా చిక్కు విప్పేది గన్నారెడ్డే. రాణి మనసు ఎవరి మీద, పెళ్ళి ఎప్పుడు అన్నవే మనల్ని పేజీలు తిప్పిస్తాయి. సామంతులను ఆమె ఎలా ఒప్పించింది, తప్పుడు సలహాను ఎలా కాదంది అన్నవి నాకు ఎక్కువ కావాలి. అవి తక్కువే దొరికాయి.

గన్నారెడ్డి విషయంలోనూ లోటే. రాయచూరు కోటను 1294లో కట్టించింది గోన గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలుడని అక్కడి శాసనం చెబుతుంది. అదే విఠలుడు అంతకుముందు ఆదవోనిని కూడా గెలిచాడట! ఆ శాసనమున్న రాయి పొడవు 41 అడుగులకు పైనే. అంత రాతిని బండిమీద లాగుకొచ్చిన దృశ్యం కూడా అక్కడే చెక్కి ఉంది. ఇది రుద్రమ పోయిన తర్వాతి సంగతి, నవలలో లేకపోవడం తప్పు కాదు. అయినా ఆ రాతిని లాగించిన మనుషుల ముందు నవలలోని మాయాదొంగ నాకు పలచగా కనిపించాడు.

"నవల అంటే చరిత్ర పాఠం కాదు కదా, కల్పన ఉండాలి" అని మా అక్క వాదించింది. నిజమే. నేను తేదీలు అడగడం లేదు. కల్పన చేసే స్వేచ్ఛ ఉన్నప్పుడు ఆ కల్పనలో కొంత రుద్రమ తెలివికి కూడా పెట్టి ఉండాల్సింది అంటున్నాను. పదో తరగతి తర్వాత చదువు ఆగిపోతుందేమోనని భయపడే ఆడపిల్లలు మన బడిలోనే ఉన్నారు. ఒక రాణి ఎవరిని ప్రేమించిందో కంటే, అందరూ వద్దంటున్నా ఎలా నిలబడిందో తెలిస్తేనే వాళ్ళకు ఎక్కువ బలం.

అయినా ఈ నవల చదవండి, భాష కోసమైనా చదవండి. చదివాక వీలైతే అమ్మానాన్నలతో రాయచూరు వెళ్ళి ఆ రాయి చూసి రండి.