తూకపు యంత్రము, మోకాలి నొప్పి

మా వెంగళరావు నగరులో కృష్ణకాంత్ పార్కునకు పోవు దారిలో ఈ వారము ఒక పెద్దావిడ చెప్పిన మాట నన్ను మిక్కిలి కలతపెట్టినది. మోకాళ్ళలో గుజ్జు అరిగి, మెట్లెక్కుట ప్రాణసంకటమైన ఆమెతో వైద్యుడొకరు, "ముందు పది కిలోలు తగ్గి రండమ్మా, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం" అనిరట. "నడవగలిగితే తగ్గనా, నాయనా?" అని ఆమె నన్నడిగినది. పంజగుట్టలోని నిమ్స్ మొదట ఎముకల ఆసుపత్రిగా పుట్టినదే గావున మా పేటలకు కీళ్ళ కథలు కొత్త కావు. ఈ ప్రశ్నకు మాత్రము నాకు బదులు తోచలేదు.

వైద్యుడు ముందు రోగి నడకను, పిదపనే కాగితములను చూడవలెననునది నా పాత పట్టుదల. స్థూలకాయమును నిర్ణయించుటకు వైద్యులు వాడునది బరువును ఎత్తు యొక్క వర్గముచే భాగించు లెక్క; దానిని కనిపెట్టినవాడు వైద్యుడు కాడు; పందొమ్మిదవ శతాబ్దమున జనసమూహముల దేహప్రమాణములను పరిశీలించిన బెల్జియము ఖగోళవేత్త అడాల్ఫ్ క్వెట్‌లే. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని 1972లో పేరిడిన ఆన్సెల్ కీస్ సైతము సమూహముల అధ్యయనమునకే దానిని ఉద్దేశించెను. అట్టి కొలతను ఒక్క మనిషి ముఖముపై మూయు తలుపుగా వాడుట న్యాయమా? స్థూలకాయులు కీలు మార్పిడికి అధికమైన నొప్పితో వత్తురు, పిదపను వారి నడక ఇతరుల నడక కంటె కొంత వెనుకబడియే యుండును. అయినను పూర్వస్థితి నుండి వారికి కలుగు మేలు తక్కినవారి మేలునకు ఇంచుమించు సమానమేనని పెక్కు పరిశీలనలలో తేలినది.

ఇంతవరకు వ్రాసి, ఆ వైద్యునిదే దోషమని ముగింపనెంచితిని. కాని బాడీ మాస్ ఇండెక్స్ 40 దాటినవారిలో గాయము మానుట కష్టము, కీలు లోతున చీము పట్టు ప్రమాదము హెచ్చు. చీము పట్టినచో అమర్చిన కీలునే ఊడదీసి, వారముల తరబడి మందులు వాడి, మరల క్రొత్తది అమర్చవలసి రావచ్చును. నొప్పి పోయినచో నడచి తగ్గుదుమను ఆశయు పలువురికి ఫలించుట లేదు. ఆపరేషన్ తరువాతను వారి బరువు దాదాపు ఉన్నచోటనే నిలుచుచున్నది. మరియొక వంక, ఒక్క కిలో తగ్గినను అడుగడుగున మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని తెలిసినది.

కావున తూకము అడుగుట తప్పు కాదు, అడిగి పంపివేయుటయే తప్పు. ఏమి తినవలెనో, కుర్చీలో కూర్చుండియే ఏ వ్యాయామము చేయవలెనో, ఎన్నాళ్ళకు తిరిగి చూతురో, అప్పటికిని తగ్గనిచో ఏమి చేయుదురో, ఇవన్నియు అడిగి చీటీపై వ్రాయించుకొని రమ్మని ఆమెకు చెప్పితిని.