వైజ్ఞానిక కథానికా సమీక్ష – వస్తువిభాగము

1926 ఏప్రిలులో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' పత్రికను వెలువరించిన పిమ్మట వైజ్ఞానిక కథానికకు ప్రత్యేక పత్రికలు వృద్ధి చెందినవి. వానితోపాటు ఒక విధమైన సమీక్షయు పెరిగినది. 'అస్టౌండింగ్' పత్రిక పాఠకుల లేఖలనుబట్టి ప్రతి సంచికలోని కథలకు స్థానములు నిర్ణయించి ప్రకటించెడిది. డేమన్ నైట్ సమీక్షలు 1956లో గ్రంథరూపమున వచ్చినవి. ఇతర సాహిత్యమునకు వర్తించు ప్రమాణములే ఈ కథలకును వర్తింపవలెనని ఆయన పట్టుదల. ఇది అంగీకరింపదగినదే; కాని చాలదు.

మన ఆలంకారికులు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రమము అని విభజించిరి. వైజ్ఞానిక కథానిక మిశ్రమమని నా అభిప్రాయము. ఇందు ప్రకృతినియమము ప్రఖ్యాతాంశము. రామకథను స్వీకరించిన కవికెట్లో, ఈ రచయితకును అక్కడ స్వేచ్ఛ స్వల్పము. సన్నివేశము ఉత్పాద్యము, దానికి బాధ్యుడు రచయితయే. సమీక్షకుడు మొట్టమొదట ఈ రెంటిని వేఱుచేయవలెను.

1954 ఆగస్టు 'అస్టౌండింగ్'లో వచ్చిన టామ్ గాడ్విన్ కథ 'ది కోల్డ్ ఈక్వేషన్స్' ఇందుకు మంచి ఉదాహరణము. రోగులకు మందు కొనిపోవు చిన్న నౌకలో, అన్నను చూడగోరి ఒక బాలిక దాగియుండును. ఇంధనము లెక్కకు సరిగా ఉన్నది. అదనపు బరువుతో నౌక క్షేమముగా దిగజాలదు. కావున ఆమెను శూన్యములోనికి వెడలింపక తప్పదు. రచయిత ఆమెను బ్రతికించు ఉపాయములు పన్నగా, సంపాదకుడు కాంబెల్ కథను పలుమార్లు త్రిప్పి పంపెనని ప్రసిద్ధి. కథ హృదయమును కదలించును, సందేహము లేదు. ఐనను, బరువునకు ఇంధనమునకు గల సంబంధము మాత్రమే ప్రఖ్యాతము. ఇంధనమును అంత కొలిచి ఇచ్చుట, నౌకను బయలుదేరుటకు ముందు వెదకకుండుట, హెచ్చరికపలకయే చాలుననుకొనుట, ఇవి మానవ నిర్ణయములు. రచయిత ఉత్పాద్యమునకు ప్రఖ్యాతవేషము తొడిగెను. కరుణము పండినది గాని, నేరము గణితముపైకి పోయినది!

తెలుగు పత్రికలలో ఇట్టి కథలు చెదురుమదురుగా వచ్చుచున్నను, సమీక్ష తఱచు "ఊహ బాగున్నది" అను మాటతో ముగియుచున్నది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున నుండువారికి ఆ మాట తృప్తి నీయజాలదు. పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధికేంద్రమునకు సుమారు 90 ఔషధ కర్మాగారములనుండి నీరు చేరెడిది. అచట శుద్ధియై వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నట్లు 2007లో స్వీడిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ మందు వాడు రోగి రక్తములో నుండు గరిష్ఠ పరిమాణముకంటెను ఇది అధికము. కల్పన ఇంతదూరము పోవుటకు జంకును.

నక్కవాగును వస్తువుగా గొని ఒక రచయిత రేపు కథ వ్రాసెననుకొందము. మందులకు లొంగని సూక్ష్మజీవులు అందు పుట్టుట ప్రఖ్యాతాంశము. జీవశాస్త్ర మందుకు సాక్షి. "పరిశ్రమ వచ్చినది కావున వాగు పోక తప్పదు" అని ఒక పాత్ర చేత పలికించినచో, ఆ "తప్పదు" ఏ విభాగమునకు చెందునో సమీక్షకుడు నిలిపి అడుగవలెను.