ఉత్సవ వేదికపై తప్పెటగుళ్ళు: ప్రదర్శన విమర్శకు కొన్ని ప్రమాణాలు

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. అంతకు ముందు రోజు తొలేళ్ళు. ఆ రాత్రి అమ్మవారి విత్తనాల కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు తరలివస్తారు. ఈ పండుగ దినాల్లోనే జిల్లా యంత్రాంగం ‘విజయనగరం ఉత్సవాలు’ నిర్వహించడం ఆనవాయితీ. శాస్త్రీయ నృత్యం, నాటకం, సినీ సంగీతం, జానపద కళలు ఒకదాని వెంట ఒకటి వేదికనెక్కుతాయి. వాటి నడుమ తప్పెటగుళ్ళ దళానికి దక్కేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలను విమర్శ దృష్టితో ఎలా చూడాలన్నది ఇక్కడ పరిశీలనాంశం.

తప్పెటగుళ్ళపై వెలువడిన పరిచయ రచనలు ఎక్కువగా ఒకే క్రమంలో నడుస్తాయి. కళాకారుల కులం, వేషం, వాయిద్యం, కథల పట్టిక, చివరకు ‘అంతరించిపోతున్న కళ’ అన్న ఆవేదన. ఈ వివరాలు అవసరమైనవే. అయితే ఫలానా రాత్రి ఫలానా దళం ఆట ఎలా ఉంది, ఎక్కడ నిలిచింది, ఎక్కడ తడబడింది అన్న ప్రశ్న వాటిలో అరుదు. కూచిపూడి నర్తకి తాళం తప్పితే సమీక్షకుడు ఆ మాట రాస్తాడు. తప్పెటగుళ్ళ దళం తాళం తప్పితే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లలో ఆదరణ ఎంత ఉందో చిన్నచూపు కూడా అంతే ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల యాదవులు సంక్రాంతికి, గ్రామదేవతల పండుగలకు ఆడే ఈ కళలో ప్రధాన విశేషం వాయిద్యం ఉన్న చోటు. డప్పు కళాకారుని భుజానికి వేలాడుతుంది. దేహానికీ దానికీ మధ్య కొంత ఎడం ఉంటుంది. తప్పెటగుల్ల రొమ్మును అంటిపెట్టుకొని ఉంటుంది. ఆటగాడు గెంతితే అదీ గెంతుతుంది, వంగితే అదీ వంగుతుంది. రెండు చేతులూ గుల్ల మీద ఉంటాయి, కాళ్ళకు గజ్జెలు, నోట పాట. శాస్త్రీయ నర్తకికి మృదంగం, నట్టువాంగం పక్కన ఉండి తోడు పడతాయి. ఇక్కడ నర్తకుడే తన వాద్యకారుడు, తన గాయకుడు కూడా. పాటకు కావలసిన ఊపిరి, గెంతుకు కావలసిన ఊపిరి రెండూ ఆ గుల్ల వెనుక నుంచే రావాలి. అందువల్ల ఈ ఆటను తూచవలసిన మొదటి ప్రమాణం వేగం కాదు. వేగం హెచ్చినప్పుడు కూడా పాటలోని మాట చెవికి అందుతోందా అన్నది.

ఈ ప్రమాణం విజయనగరానికి కొత్తదేమీ కాదు. 1919లో ఆరంభమైన ఇక్కడి సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) గజ్జె కట్టి, పాడుతూ, ఆడుతూ కథ చెప్పి హరికథకు పండిత గౌరవం సంపాదించిపెట్టారు. ఒకే దేహం గానాన్ని, నృత్యాన్ని, లయను మోయడం ఆయన విషయంలో మహావిద్యగా కీర్తి పొందింది. అదే పనిని ఒక దళం మొత్తం ఏకకాలంలో చేస్తే అది కేవలం ‘జానపదుల ఉత్సాహం’గా మిగిలిపోయింది. రెండింటికీ తేడా లేదని కాదు; సాహిత్య ప్రౌఢిలో, రాగ విస్తృతిలో తేడా ఉంది. దేహ శ్రమను కొలిచే కొలబద్ద మాత్రం రెండు కాకూడదు.

ఇక వేదిక సంగతి. ఊరి ఖాళీ స్థలంలో ఆటగాళ్ళు వలయంగా తిరుగుతారు, జనం చుట్టూ ఉంటారు. వలయానికి ముందు వెనుకలు లేవు. దళనాయకుడు పాట ఎత్తుకుంటాడు, తక్కినవారు వంత అందుకుంటారు. పాట ఆ వలయంలోనే తిరుగుతుంది. తెరలున్న వేదికపై వలయం అర్ధచంద్రాకారమవుతుంది, ఆ తరువాత వరుస అవుతుంది. అంతకన్నా ఎక్కువ నష్టం చేసేది మైకు. నిలువు మైకు ముందు నాయకుడు కదలకుండా నిలబడవలసి వస్తుంది. పాడేవాడు ఆడడు, ఆడేవారి పాట వినబడదు. గజ్జెల సవ్వడి హాలు వెనుక వరుసలకు చేరదు. మూడు పనులు ఒకే దేహంలో కలిసిన కళ ఆ క్షణంలో గాయకునిగా, బృంద నృత్యంగా రెండు ముక్కలవుతుంది. దీనికి బాధ్యత దళానిది కాదు, శబ్ద ఏర్పాటుది. సమీక్షకుడు ఈ తేడాను గుర్తించగలగాలి.

ఒకరి భుజాలపై ఒకరు నిలిచి గోపురం కట్టడం వంటి విన్యాసాలకు వేదికపై పెద్ద పీట దక్కుతోంది. దీర్ఘమైన ఆటలో విన్యాసానికి ముందూ వెనుకా కథ ఉంటుంది. పది నిమిషాల అంశంలో కథ తొలగిపోయి విన్యాసం మిగులుతుంది. సారంగధర చరిత్రగానీ, రామాయణ ఘట్టంగానీ పది నిమిషాల్లో ఇమడవు కాబట్టి దళాలు చేసే ఈ ఎంపికను తప్పుపట్టడం న్యాయం కాదు. మార్పే దోషమన్న వాదన కూడా నిలవదు. 1937లో మాస్కోలో ఇగోర్ మొయిసెయెవ్ స్థాపించిన బృందం జానపద నృత్యాలను శిక్షణ పొందిన నర్తకులతో రంగస్థలం కోసమే పునర్నిర్మించింది. అటువంటి కృషిని చర్చించేటప్పుడు ఏది చేరింది, ఏది పోయింది, చేరినది పోయినదానికి సమానమా అని అడగడం సహజం. తప్పెటగుళ్ళను ఆ ప్రశ్న అడగకపోవడమే వింత. ప్రభుత్వ పథకాల ప్రచార గీతాన్ని తప్పెటగుళ్ళ వరుసలో కట్టినా, పాదం అడుగులో కుదిరిందా లేదా అని చూడవలసిందే.

సిరిమాను ఊరేగింపు ఇందుకు దగ్గరి ప్రత్యామ్నాయాన్ని చూపుతోంది. ఆలయానికీ కోటకూ మధ్య మాను మూడుసార్లు తిరిగే ఆ వీధిలో జనం అరుగులపై, మేడలపై, రోడ్డు రెండు పక్కలా నిలుస్తారు. ఆ ఉత్సవానికి ముఖద్వారం వంటి ఒక్క దిక్కు లేదు. అదే పద్ధతిలో ఒక మైదానంలో, నేల మీద, చుట్టూ జనం కూర్చునేలా, నిలువు మైకు లేకుండా, ఒక్క కథను ఆద్యంతం ఆడించడం ఉత్సవ నిర్వాహకులకు అసాధ్యమేమీ కాదు. అప్పుడు పరిశోధకునికి వేదిక ఆటతో పోల్చడానికి రెండో ఆట చేతికందుతుంది. లయ ఎక్కడ మారింది, వంత ఎక్కడ అందుకున్నారు, గోపురం దిగేటప్పుడు గుల్ల ఆగిందా అన్నవి రాసుకోవచ్చు. ప్రస్తుతం చేతి ఫోన్లలో ఎక్కువగా నిక్షిప్తమవుతున్నది ఆ గోపురమే. దానికి ముందు నాయకుడు ఎత్తుకున్న పాట చిత్రీకరణ మొదలయ్యేలోపే అయిపోతోంది.