పటం ఉన్నవారిదే కథ

జనగామ నుంచి సిద్దిపేట వెళ్ళే దారిలో చేర్యాల వస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాలను విభజించినప్పుడు ఈ ఊరు వరంగల్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి వెళ్ళింది గానీ, శాసనసభ ఓటు మాత్రం ఇప్పటికీ జనగామ నియోజకవర్గంలోనే. ఇక్కడి నకాశీ చిత్రకారులు వేసే బొమ్మలు ఇవాళ హైదరాబాదు డ్రాయింగు రూముల్లో అద్దాల ఫ్రేముల్లో కనిపిస్తాయి. చింతగింజల గుజ్జుతో చేసిన మాస్కులు బహుమతి దుకాణాల్లో వేలాడుతుంటాయి. కొన్నవారికి అది చేర్యాల పెయింటింగు. ఒకప్పుడు నకాశీ ఇంట్లో తయారైంది మాత్రం గోడకు తగిలించే బొమ్మ కాదు. మూడడుగుల వెడల్పు, నలభై నుంచి అరవై అడుగుల పొడవు ఉండే గుడ్డ చుట్ట. దాని పేరు పటం. అది వేసినవారి దగ్గరా ఉండేది కాదు, డబ్బున్నవారి దగ్గరా ఉండేది కాదు. ఊరూరా తిరిగి కథ చెప్పేవారి ఆస్తి అది. ఈ సంగతి పక్కన పెట్టి రంగుల అందం గురించి ఎంత మాట్లాడుకున్నా సగమే మాట్లాడినట్టు.

ముందు పని తీరు చూద్దాం. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల గుజ్జు, బంకనీళ్ళు కలిపి పూత పూస్తారు. ఆరాక మళ్ళీ పూస్తారు. ఇలా మూడు పూతలు పడేసరికి నేతలోని సందులన్నీ మూసుకుపోతాయి. పూత పల్చనైతే గుడ్డ రంగును పీల్చేస్తుంది. మందమైతే చుట్టినప్పుడల్లా పెళ్ళలు లేస్తాయి. పటానికి ఆయుష్షు పోసేది కంటికి కనిపించని ఈ పూతే.

ఆ తర్వాత ఉడత వెంట్రుకల కుంచెతో నేరుగా గీతలు గీస్తారు. నేపథ్యమంతా ఎరుపు నింపుతారు. ఒళ్ళు, బట్టలు, నగలు వరుసగా రంగు పట్టాక చివర్న నల్లగీతతో తీర్చిదిద్దుతారు. పాత రోజుల్లో ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి, తెలుపుకు శంఖం పొడి, నీలానికి నీలిమందు వాడేవారు. దేవుళ్ళ ఒంటికి నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు, మామూలు మనుషులకు గులాబీ ఛాయ వేస్తారు. కథకుడు పేరు చెప్పకముందే వచ్చిందెవరో చూసేవారికి తెలిసిపోవాలి కదా.

బొమ్మలు పైనుంచి కిందికి అడ్డు వరుసల్లో నడుస్తాయి. ఒక్కో పటంలో యాభై దాకా ఘట్టాలుంటాయి. మొదట వినాయకుడు, ఆ తర్వాత కథ. వరుసకూ వరుసకూ మధ్య పూల అంచు. నీడలు, లోతు, దూరపు కొండలు వంటివి ఉండవు. పటాన్ని కర్రలకో చెట్టుకొమ్మకో వేలాడదీసి, రాత్రిపూట దీపాల వెలుగులో, ఎక్కడో వెనక కూర్చున్నవారికి కూడా కనిపించేలా చూపించాలి. అందుకే చదునైన రంగులు, లావు గీతలు, ఎర్రటి నేల. ఐరోపాలో మధ్యయుగాల చిత్రిత గ్రంథాల్లో చాలావాటిని ఒక్కరో కొద్దిమందో దగ్గరగా పెట్టుకుని చదివేవారు కాబట్టి వాటిలో బంగారు రేకు మెరుపూ అంచుల్లో సన్నని తీగల పనీ అమరాయి. ఇక్కడ ఊరంతా ఒకేసారి చూడాలి. చూపరి ఎంత దూరంలో ఉన్నాడన్న లెక్కే రెండుచోట్లా శైలిని నిర్ణయించింది.

ఇక సొంతదారుల సంగతి. పటం కథ చెప్పే ప్రతి కులమూ మరో కులానికి ఆశ్రితం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేది కూనపులివారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవారు. గౌడులకు గౌడజెట్టివారు, నాయీబ్రాహ్మణులకు అద్దపువారు, రజకులకు మడేలు పురాణం చెప్పే పటంవారు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివారు ఉన్నారు. ఒక్కో కథకుల కుటుంబానికి ఇన్ని ఊళ్ళని హక్కు ఉంటుంది. దాన్ని మిరాశీ అంటారు. ఆ ఊళ్ళకు వెళ్ళి రాత్రుల తరబడి కథ చెప్పి, ధాన్యమో డబ్బో తీసుకోవడం వారి హక్కు. ఇవ్వడం ఆ కులం బాధ్యత. అన్నదమ్ములు వేరుపడితే ఊళ్ళనూ పంచుకుంటారు. ఇంకొకరి ఊళ్ళో పటం విప్పితే పంచాయితీయే.

అందువల్ల పటం ఏకకాలంలో మూడు పనులు చేస్తుంది. కథకుడికి కథ వరుస తప్పకుండా గుర్తు చేస్తుంది. వినేవారి కుల పుట్టుకకు సాక్ష్యం పలుకుతుంది. చెప్పేవారి జీవనాధారానికి దస్తావేజుగా నిలుస్తుంది.

చరిత్ర ఎక్కడ నిలుస్తుందన్నదాంట్లో పుస్తకానికీ పటానికీ తేడా ఉంది. ఇంగ్లాండులోని లిండిస్‌ఫార్న్ సువార్తల గ్రంథంలో పదో శతాబ్దంలో ఆల్డ్రెడ్ అనే మతాచార్యుడు రాసిపెట్టిన మాటల వల్లే దాన్ని ఎవరు రాశారో, ఎవరు జిల్దు కట్టారో, ఎవరు ఆభరణాలు పొదిగారో చెప్పగలుగుతున్నారు. చేసినవారి చరిత్ర పుస్తకంలోనే దొరుకుతుంది. పటం విషయంలో అది ఎవరిదన్న చరిత్ర గుడ్డ మీదకన్నా ఊళ్ళ జ్ఞాపకంలో, కథకుల నోటిలో ఎక్కువగా ఉంది. గుడ్డ ఒక్కటే చేతికొస్తే చరిత్ర రాదు.

పాత పటాలు అరుదు కావడానికి కారణం వాటిని వాడే తీరే. పటం చిరిగి, రంగు వెలిసి పనికిరాకుండా పోతే కథకులు కొత్తది వేయించుకుంటారు. పాతదాన్ని చూసి కొత్తది వేస్తారు. కొత్త పటంలో చిట్టచివర కళ్ళు దిద్దుతారు, పూజ చేస్తారు. పాతదాన్ని నదిలో కలుపుతారు. ఇప్పటిదాకా తెలిసినవాటిలో అతి పాతది 1625 నాటి భావనారుషి పటం. అది హైదరాబాదులోని జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియంలో ఉంది. దాని వెనక ఎన్ని తరాల పటాలు నీళ్ళపాలయ్యాయో లెక్క కట్టడానికి దారే లేదు.

మహబూబాబాద్, భూపాలపల్లి అడవి పల్లెలకు వెళితే ఇదే సూత్రం ఇంకో రూపంలో కనిపిస్తుంది. అక్కడ కోయల దగ్గర పడిగెలున్నాయి. ఇవి మూడు కోణాల గుడ్డ జెండాలు. వాటి మీది బొమ్మల్లో గట్టు (గోత్రం) పుట్టుక, ఇలవేల్పు చరిత్ర ఉంటాయి. వేల్పుల కొలుపు వచ్చినప్పుడే బయటికి తీస్తారు. ఆ బొమ్మలు చూసి పాడేది డోలీలు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య అలాంటి కళాకారుడే. నకాశీ పటం కథకుల కుటుంబానిదైతే, పడిగె గట్టు మొత్తానిది. రెండింటిలోనూ ఒక నియమం ఉంది. బొమ్మను చదవగల హక్కు ఉన్నవారి దగ్గరే బొమ్మ ఉండాలి.

గత యాభై అరవై ఏళ్ళలో ఈ నియమం సడలింది. సినిమా, టీవీ వచ్చి కథ వినే రాత్రులు తగ్గాయి. మిరాశీ ఊళ్ళు ఉన్నా ఇచ్చే చేతులు తగ్గాయి. కథకుల్లో చాలామంది పటాలు వేయించుకోవడం మానేసేసరికి నకాశీలకు పని పోయింది. అప్పుడు చేర్యాల చిత్రకారులు పెద్ద పటంలోంచి ఒక్కో ఘట్టాన్ని విడదీసి చిన్న బొమ్మలుగా వేయడం మొదలుపెట్టారు. వారిలో దనాలకోట కుటుంబం జాతీయ పురస్కారాలు తెచ్చింది, కళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఈ మార్పును తప్పుపట్టడానికి లేదు. కుంచె చేతిలోంచి జారిపోకుండా నిలిపింది ఆ చిన్న బొమ్మలే. కాకపోతే భౌగోళిక గుర్తింపు ఊరికీ బొమ్మకూ రక్షణ ఇస్తుంది గానీ, కూనపులి కథకుడి హక్కు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

కాబట్టి కాపాడాలనుకునేవారు కొన్ని పనులు చేయొచ్చు. మ్యూజియంలో పటం కింద రాసే చీటీలో కొలతలు, కాలంతోపాటు ఏ కులం కోసం, ఏ కథకుల ఇంటి నుంచి, ఏ ఊళ్ళ మిరాశీతో అది తిరిగిందో రాయాలి. అది చెప్పగల పెద్దలు మిగిలి ఉండగానే అడగాలి. కళకు డబ్బు పెట్టే ప్రభుత్వ శాఖలూ సంస్థలూ పది ఫ్రేములు కొనేచోట ఒక్క నిండు పటం వేయించి, దాన్ని చెప్పగల కుటుంబానికి ఇవ్వాలి. నకాశీకి నెలల పని దొరుకుతుంది, కథకుడికి కథ చెప్పుకునే ఆధారం దొరుకుతుంది. ఆ పటం అరిగిపోయి నదిలో కలిసినా నష్టమేమీ లేదు, కొత్తది వేయించుకునే కథకుడు మిగిలి ఉంటే చాలు.