అద్దంలా మెరిస్తే పనికిరాదు

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతున్న పాత డీజిల్ బండి వెనక నీలి పొగ కనిపిస్తే, ఇంజిన్ ఆయిల్ తాగుతోందని మెకానిక్ ఎవరినీ అడగకుండానే చెప్పేస్తాడు. చిన్న గేరులో ఎడతెగకుండా ఎక్కడమంటే పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ గట్టి పరీక్షే.

ఆ గోడ అంతటా ఒకేలా అరగదు. పై రింగు దిశ మార్చుకునే చోట ఆయిల్ పొర పలచబడుతుంది, వేడీ ఒత్తిడీ అక్కడే ఎక్కువ. కాబట్టి అరుగుదలా అక్కడే ఎక్కువ. పిస్టన్ పక్కకు ఒరిగి తోసే వైపు మరికాస్త తింటుంది. గుండ్రటి బోరు, అంటే సిలిండర్ రంధ్రం, కాస్తా కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, పైన వెడల్పు, కింద ఇరుకు. ఇక రింగు ఎంత కొత్తదైనా సందులు మూయలేదు.

అప్పుడు ఇంజిన్ బ్లాకు బోరింగ్ షాపుకు చేరుతుంది. అక్కడ మాట మిల్లీమీటర్లలో కాదు, థౌలలో సాగుతుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, పది థౌలు సుమారు పావు మిల్లీమీటరు. బోరింగ్ మెషిన్ కొత్త ఓవర్‌సైజ్ పిస్టన్‌కు తగ్గట్టు కోస్తూ, చివరి రెండు మూడు థౌలు మిగిల్చి ఆగుతుంది. కోత ఉలి ఇనుమును చీల్చుకుంటూ పోతుంది గనక గోడ మీద మర చుట్ల లాంటి గట్లు మిగులుతాయి. వాటిని తీసేది హోనింగ్.

హోనింగ్ తలకు చుట్టూ సన్నని సానరాళ్లుంటాయి. అది తిరుగుతూనే పైకీ కిందికీ ఆడుతుంది, రాళ్లు బయటికి ఒత్తుతుంటాయి, కిరోసినో హోనింగ్ ఆయిలో ధారగా పడుతుంటుంది. రెండు కదలికలూ కలిసి గోడ మీద అడ్డంగా కోసుకునే ఏటవాలు గీతలు వేస్తాయి. చాలా ఇంజిన్లలో ఈ గీతల మధ్య కోణం నలభై అయిదు డిగ్రీలకు అటూ ఇటూ. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. కోణం మరీ నిటారైతే నూనె కిందికి జారిపోతుంది. మరీ పడుకుంటే రింగు ఎగిరెగిరి పడుతుంది. గోడ అద్దంలా మెరిసిందా, కొత్త రింగులు ఒరుసుకుని కుదురుకోవు, పొగ మళ్లీ మొదలు. కొత్తగా చేయించిన బోరు తళతళలాడాలనుకునే బండి ఓనరుకు ఈ సంగతి నచ్చజెప్పడం కొంచెం కష్టమే.

పనితనమంతా రాళ్లు చివర్లలో ఎంత బయటికి రావాలన్న దగ్గరుంది. రాయి పొడవులో మూడో వంతు దాకా రావచ్చు. ఎక్కువైతే అంచులు గంట మూతిలా విచ్చుకుంటాయి, తక్కువైతే రెండు చివరలూ ఇరుకవుతాయి. ఇరుకు చోట మెషిన్ బరువుగా లాగుతుంది. అనుభవమున్న చెయ్యి అక్కడ కాసేపు ఎక్కువ ఆగుతుంది. అయితే హోనింగ్ ఆకారాన్నే సరిచేస్తుంది. బోరు వంకరగా కోసి ఉంటే ఆ వంకర దీనితో పోదు.

కొలత వేడి మీద చూడకూడదు. నూరు మిల్లీమీటర్ల కాస్ట్ ఐరన్ బోరు ఇరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక థౌ పెరుగుతుంది. మే నెల ఎండకు రేకుల షెడ్డు కింద ఈ లెక్క మరిచిన షాపు నుంచి వెళ్లిన పిస్టన్ బిగుసుకుపోవచ్చు. బ్లాకు చల్లారాక డయల్ గేజితో మూడు ఎత్తుల్లో, రెండు దిశల్లో చూడాలి. ఆ పైన సబ్బూ వేడినీళ్లతో బ్రష్షు పెట్టి రుద్ది కడగాలి. ఒక్క పెట్రోల్‌తో తుడిస్తే రాతిపొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను తినేస్తుంది. తెల్లగుడ్డతో తుడిస్తే మరక అంటనప్పుడే ఆ పని అయినట్టు.

2022 సెప్టెంబరు నుంచి తిరుమల ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, వాటికి సిలిండరే లేదు. అయినా హోనింగ్‌కు పని కరువు కాలేదు: చిత్తూరు వైపు ట్రాక్టర్లున్నాయి, గ్రానైట్ క్వారీల్లో ఎక్స్‌కవేటర్ల హైడ్రాలిక్ సిలిండర్లున్నాయి. ఈ హైడ్రాలిక్ సిలిండర్ల దగ్గర లెక్క వేరు. లోపల కదిలేది ఇనుప రింగు కాదు, మెత్తటి సీలు. ఇంజిన్‌కు పనికొచ్చే గరుకు దాన్ని కోసేస్తుంది గనక ఇక్కడ మరింత సన్నరాయి వేసుకోవాలి.