పులుపు పడే వేళ

పప్పుచారు పెట్టే ఇళ్లలో పెద్దవాళ్ల నోట వినిపించే మాట ఒకటుంది: "పులుపు తగిలితే ఇక ఉడకదు." పప్పు మెత్తబడకముందే చింతపండు రసం పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపి మరీ చెబుతారు. పప్పుచారు పెట్టడంలో ఉన్న నేర్పు సగానికి పైగా ఈ ఒక్క మాటలోనే ఉంది. మిగతాది ఆ మాటను ఎప్పుడు పాటించాలో, ఎప్పుడు కావాలని పక్కన పెట్టాలో తెలియడంలో ఉంది.

ఆ మాట వెనక గట్టి కారణమే ఉంది. కూరగాయల్లో, పప్పుల్లో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్. మామూలు నీళ్లలో ఉడికేకొద్దీ అది కరిగి ముక్క మెత్తబడుతుంది. నీళ్లలో పులుపు చేరితే మాత్రం అంత తొందరగా కరగదు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది కాబట్టి, ముందే పోస్తే ఎంతసేపు మరిగించినా పప్పు పలుకుగానే మిగిలిపోతుంది. బోరునీళ్లలో ఉండే కాల్షియం కూడా పెక్టిన్‌ను ఇలాగే బిగిస్తుంది. కొన్ని ఊళ్లలో "ఈ నీళ్లకు పప్పు ఉడకదమ్మా" అనడం అందుకే. చిటికెడు వంటసోడా వేస్తే ఉడికే మాట నిజమే గానీ, పప్పులోని బి1 విటమిన్ దెబ్బతింటుంది. అరగంట నానబెట్టి, తియ్యటి నీళ్లలో ఉడికించుకోవడమే మంచి దారి.

పప్పు సంగతి

నలుగురికి సరిపడా పప్పుచారుకు వంద గ్రాముల కందిపప్పు చాలు. కడిగి, నానబెట్టి, మూడింతల నీళ్లు పోసి, పావు చెంచా పసుపు, రెండు చుక్కల నూనె వేసి ఉడికించాలి. నూనె వేస్తే పప్పు అంతగా పొంగదు. కుక్కర్‌లో మూడు నాలుగు కూతలు వచ్చాక దించి, వేడిమీదే పప్పుగుత్తితో మెదపాలి. చల్లారితే గడ్డకట్టి సరిగ్గా కలవదు. మెదిపిన పప్పు వెన్నలా ఉంటేనే చారులో కలిసిపోతుంది. లేదంటే నీళ్లు పైకి తేలి, పప్పు అడుగుకు చేరుతుంది.

కంది మన నేలకు బాగా అలవాటైన పంట. వేళ్లు లోతుకు దిగి వానలు వెనకబడినా తట్టుకుంటుంది, గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థలో కందికి మొదటినుంచీ చోటు ఉంది. నాపరాళ్లకు పేరుపడ్డ తాండూరు ప్రాంతపు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏ ఊరి పప్పైనా కొత్తదై ఉండాలి. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పప్పు ఎంత నానబెట్టినా మొండికేస్తుంది.

ముక్కల వరస

అసలు నేర్పు కనబడేది ఇక్కడే. మునక్కాడ, ముల్లంగి, క్యారెట్ లాంటివి గట్టి ముక్కలు. ఇవి ముందుగా వట్టి నీళ్లలో, కాస్త ఉప్పు, పసుపుతో ముప్పాతిక వంతు ఉడకాలి. మునక్కాడను వేళ్ల మధ్య నొక్కితే లోపలి గుజ్జు కదలాలి. అప్పుడు గానీ పులుపు పోయకూడదు.

తీపి గుమ్మడి, చిలగడదుంప, లేత సొరకాయ తీరు వేరు. వీటిని వట్టి నీళ్లలో వదిలేస్తే కరిగి చారంతా గుజ్జవుతుంది. అందుకని వీటిని పులుపుతో పాటే వేస్తారు. పప్పును ఉడకనివ్వని ఆ గుణమే ఇక్కడ కాపలా కాసి ముక్కను ముక్కలా నిలబెడుతుంది. బెండకాయ సంగతి మరోటి. నాలుగు చుక్కల నూనెలో మగ్గించి, మరుగుతున్న పులుసులో వేస్తే పులుపు తగిలి జిగురు విరుగుతుంది. టమాటా తానే పుల్లన కాబట్టి, దాన్ని వేసిన రోజు చింతపండు తగ్గించుకోవాలి. ముదురు కాయ ముందు, లేతది తరవాత అన్న తీర్పు ఏ పుస్తకంలోనూ దొరకదు. బుట్టలోంచి తీసిన కాయను గోటితో గిల్లి చూసిన చెయ్యే ఆ తీర్పు చెప్పాలి.

నిమ్మకాయంత చింతపండు నానబెట్టి తీసిన రసం, చెంచా కారం, నాలుగు చీల్చిన పచ్చిమిర్చి, సరిపడా ఉప్పు వేసి పచ్చివాసన పోయేదాకా మరిగించాలి. ఆ తరవాతే మెదిపిన పప్పు కలపాలి. అంతా కలిపి లీటరుకు కొంచెం పైన ఉండాలి. అన్నంలో పోస్తే పారాలి గానీ, నీళ్లలా విడిపోకూడదు. చిన్న బెల్లం ముక్క చివర్లో వేస్తే పులుపు, కారం రెండూ సర్దుకుంటాయి.

గిన్నె ఎంపిక కూడా పులుపును బట్టే సాగింది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేది పులుపు నేరుగా లోహాన్ని తాకకుండా ఉండటానికే. పులుసులకు రాచ్చిప్ప వాడటంలోనూ ఇదే తెలివి. రాయి పులుపుకు లొంగదు, పైగా పొయ్యి మీంచి దించాక కూడా చాలాసేపు వేడి నిలుపుకుంటుంది.

పోపు చివరే ఎందుకు

పప్పుచారు ఎంత మరిగినా వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆవాలు చిటపటలాడటానికి, మెంతులు ఎర్రబడి కమ్మగా మారడానికి ఆ వేడి చాలదు. దానికి కాగిన నూనె కావాలి. పైగా దినుసుల సువాసనల్లో చాలావరకు నీళ్లలో కన్నా నూనెలోనే బాగా కరుగుతాయి. ఆవాలు చిట్లాక నాలుగైదు మెంతిగింజలు, ఎండుమిర్చి, జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు, ఆఖరున ఇంగువ. ముందే వేస్తే ఆ వాసనలు ఆవిరితో ఎగిరిపోతాయి. అందుకే దించే ముందు పోపు పెట్టి వెంటనే మూత వెయ్యాలి.

ఇరాన్, అఫ్గానిస్తాన్ వైపునుంచి వచ్చే ఇంగువ ఒక మొక్క వేరునుంచి కారే బంక. దాని ఘాటు వేడి నూనెలో పడగానే ఉల్లి, వెల్లుల్లిని తలపించే కమ్మదనంగా మారుతుంది. ఇన్నేళ్లూ దిగుమతి మీదే ఆధారపడ్డ ఈ సరుకును మన దేశంలోనే పండించాలని 2020లో పాలంపూర్‌లోని సీఎస్‌ఐఆర్ సంస్థ హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటించింది.

ఈ వంట విలువ

బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఎక్కువ. పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంది. పప్పుచారు అన్నంలో ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. వంద గ్రాముల పప్పు, ఇంట్లో మిగిలిన రెండు మూడు కాయలు నలుగురికి కడుపునిండా పెడతాయి. అనుకోకుండా ఇద్దరు చుట్టాలొస్తే కాసిన్ని నీళ్లు, కాస్త పులుపు, చిటికెడు ఉప్పు చేర్చి మరో పొంగు రానిస్తే సరిపోతుంది.

సాంబారుకు వేయించి కొట్టిన పొడి వెన్నెముక. దప్పళానికి రకరకాల ముక్కలు, చిక్కదనానికి బియ్యప్పిండి. పప్పుచారుకు ఇలాంటి అండ ఏదీ లేదు. మసాలా పొడి చాటున దాక్కునే వీలు లేదు కనుక, పప్పు ఉడకకపోయినా, ముక్క చెదిరినా మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. అందుకే వంట నేర్చుకునే పిల్లలకు దీనికి మించిన పాఠం లేదు. దూరదేశంలో హాస్టల్ గదిలో వండుకునే విద్యార్థికి మన కొలతలు పనికిరాకపోవచ్చు. అక్కడి నీళ్లు వేరు, సీసాలో దొరికే చింతపండు గుజ్జు చిక్కదనం వేరు. వరస వెనకున్న కారణం తెలిస్తే మాత్రం అక్కడి గుమ్మడితోనైనా మంచి పప్పుచారు పెట్టుకోగలరు.

కాబట్టి పిల్లలకు గ్లాసులు, చెంచాల లెక్క రాసిచ్చి ఊరుకోవద్దు. పొయ్యి దగ్గర పక్కన నిలబెట్టుకుని పప్పును వేళ్ల మధ్య నలిపి చూడమనండి, ముక్కను నొక్కి చూడమనండి. పులుపు ఎప్పుడు పోయాలో వాళ్లనే చెప్పనివ్వండి.